తాడులో ఉన్నదంతా బిడ్డదే

మెలికలు లేని బొడ్డుతాడు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా, తాడన్నాక మెలిక ఉండదూ, ఆ మాత్రం తెలియకుండానే చెల్లెలు ఇన్నేళ్ళుగా పురుళ్ళు పోస్తోందా అనుకుంటూ పాథాలజీ డాక్టరు మైక్రోస్కోపు ముందుకి కుర్చీ లాక్కుంది. ఫోను పెట్టేసి ఎంతోసేపు కాలేదు, చెల్లెలి గొంతు ఇంకా చెవిలోనే ఉంది, తేనెలో ముంచి తీసిన గొంతు, మెలికలు ఉన్నాయి కదక్కా, అవి మొదటి లైన్లో రాయి, మిగతాదంతా కింద నీకెలా కావాలంటే అలా రాసుకో, నేనేమైనా అబద్ధం రాయమన్నానా. అనలేదు, నిజమే, అబద్ధం అన్న మాట దాని నోట ఏనాడూ రాలేదు, ఉన్న నిజాల్నే కాస్త ముందువెనకలు చేసి పెడుతుంది, అలమరలో చిరుగులవి అడుగున తోసి ఇస్త్రీవి పైన పేర్చినట్టు, తలుపు తీసినవాళ్ళు అబ్బ ఎంత పొందికో అనుకుని తలుపు మూసేస్తారు. మొదటి లైను చదివేవాళ్ళే లోకంలో అందరూ. రెండో లైను చదివేది ఈవిడొక్కతే, రాసేదీ ఈవిడే, అందుకే ఆస్పత్రి మొత్తానికి ఈవిడ పేరు వేపకాయ. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అనని వాళ్ళు లేరు, ప్రతివాడికీ వేపకాయంత వెర్రి ఉంటుందంటారు, ఈవిడకి వెర్రి లేదు, ఉత్త వేపకాయే అని లిఫ్టులో ఎవడో నవ్వుతుంటే చెవులారా విన్నది, విని, వెధవ బాగానే అన్నాడు అనుకుంది కూడా. చెల్లెలికి మారుపేరు ఎవరూ పెట్టలేదు, అవసరమేముంది, పైన ప్రసూతి వార్డంతా దాన్ని అమ్మా అనే పిలుస్తుంది, దాని తల్లి వయసు వాళ్ళు కూడా.

స్లయిడు బల్ల మీద ఉంది. భోజనాలు కాగానే టెక్నీషియన్ తెచ్చిపెట్టి, మీ మొహం వచ్చిందండీ అని వెళ్ళాడు, బొడ్డుతాడు స్లయిడుకి ఈ గదిలో అదే పేరు. మొన్న ప్లాస్టిక్ డబ్బాలో మాయతో సహా ఫార్మలిన్లో మునిగి వచ్చింది, ఎనిమిదో నెలలో చచ్చిపుట్టిన ఆడపిల్లది. తాడంటే తెల్లగా నిగనిగలాడాలి, ఇది పొగ చూరిన గోడలా పసుపు తిరిగిపోయి ఉంది, మాయ మీది పొర మసకేసింది, ఫార్మలిన్ ఘాటుని దాటుకుని ఇంకో వాసన కూడా వచ్చింది, ఆవిడకి సగం సంగతి ముక్కుతోనే తెలిసిపోయింది, కానీ ముక్కు చెప్పింది రిపోర్టులో రాయకూడదు కదా, కంటితో చూసే రాయాలి. తాడుని ముల్లంగి చక్రాలు కోసినట్టు అడ్డంగా కోసి, మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా తీసి, గులాబీ నీలం రంగులు పట్టించి చూస్తే మొదటి చూపుకి ఎప్పుడూ ముఖమే కనపడుతుంది, పైన రెండు ధమనులు రెండు కళ్ళు, కింద సిర నోరు, చుట్టూ జిగురు రెండు బుగ్గలు. చదువుకునే రోజుల్లో నోటి పరీక్షలో చెల్లెలికి ఇదే పడింది. ఏమిటమ్మా ఇది అని మీసాల పరీక్షకుడు అడిగితే, ఒక్క అక్షరం చదవని మొద్దు, ఒక కన్ను మూయడం చేతకాక రెండు కళ్ళూ చిట్లించి, ఎవరో ఆవలిస్తున్నారండీ అన్నదట. ఆయన పడీ పడీ నవ్వి పాస్ చేసి పంపించాడు. అదే మీసాలాయన అంతకు రెండేళ్ళ ముందు, ఈ కాలేయం గురించి చెప్పు అంటే, ఇది కాలేయం కాదండీ, స్లయిడు మారిపోయింది, మూత్రపిండం అన్నందుకు, అది నిజంగానే మూత్రపిండం అయినందుకు, అక్కని మళ్ళీ పరీక్షకి రమ్మన్నాడు. యథార్థవాది లోకవిరోధి అని అమ్మ ఓదార్చింది, ఓదార్చిన నోటితోనే, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే, నీ చెల్లెల్ని చూసి నేర్చుకో అంది. నేర్చుకోలేదు. నేర్చుకోవాలని కూడా అనిపించలేదు, ఆ మాట అమ్మ అన్నప్పుడు కంచంలో అన్నం కలుపుతున్న తన చెయ్యి ఆగింది, అంతే, అది ఇప్పటికీ ఆగే ఉంది ఎక్కడో.

ల్యాబుకి ఉన్నది సగం తలుపు, మోకాళ్ళ దాకా ఏమీ ఉండదు, కింద నుంచి గాలీ మాటలూ కాళ్ళూ అన్నీ లోపలికి వస్తాయి. తలెత్తకుండానే ఆవిడకి మూడు జతల కాళ్ళు కనపడుతున్నాయి. అత్తగారివి, మడమలు పగిలి, నేలకి మేకులు కొట్టినట్టు కదలనివి. కొడుకు బూట్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. బెంచీ చివరంటా జరిగి కూర్చున్న కోడలి పాదాలు, ఇంకా నీరు దిగలేదు, మొగుడి చెప్పుల్లో తప్ప పట్టనట్టున్నాయి, పచ్చి బాలింత, ఒళ్ళో బిడ్డ లేని బాలింత, రిపోర్టు పైకి పంపుతాం అక్కడే తీసుకోండి అని చెప్పినా వినకుండా కాగితం మా చేతికే ఇమ్మని వాళ్ళని ఇక్కడికి లాక్కొచ్చింది అత్తగారే. ఆవిడ గొంతు తగ్గించే రకం కాదు. డాక్టరమ్మ తన నోటితో చెప్పింది కదరా తాడు మెలిపడిందని, ఊరికే ఎందుకు మెలిపడుతుంది, కడుపుతో ఉన్నది చేతులు పైకెత్తకూడదే అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను, విన్నదా. కోడలిది బట్టల కొట్లో పని, పై అరల్లోంచి తానులు దించి గిరాకీల ముందు పరచడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు నెత్తి మీదే. కాగితం రానీ, మెలిక అని రాసి ఉందా, దీన్ని ఇటునుంచి ఇటే పుట్టింటి బస్సెక్కిస్తాను, నా వంశాన్ని చేజేతులా ఉరేసిన మనిషి నా గడప తొక్కడానికి వీల్లేదు. అమ్మా, ఊరుకో అని కొడుకు అన్నాడు, ఆ ఊరుకోలో కూడా బలం లేదు, ఆ ఒక్క మాట నేర్పించి పెళ్ళిళ్ళు చేస్తారు కాబోలు మగపిల్లలకి. కోడలి పాదాలు ఇంకాస్త బెంచీ కిందికి వెళ్ళాయి.

చేతులెత్తితే మెలిపడుతుందట, బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే ఇదే, ఆ లెక్కన గోడలకి రంగులేసే ఆడవాళ్ళకి ఒక్క బిడ్డా దక్కకూడదు. కానీ ఆ ముడికి తాడు ఎవరిచ్చారు, చెల్లెలే కదా. తాడు మెలిపడిందమ్మా, క్షణంలో అయిపోయింది, నీ బిడ్డకి ఏమీ తెలియలేదు, నిద్రలో పోయినట్టే అని మంచం అంచున కూర్చుని తల నిమిరి చెప్పి ఉంటుంది, చావు కబురు చల్లగా చెప్పడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అది చల్లటి మాటే అనుకుని వదిలింది, కిందికి వచ్చేసరికి ఈ అత్తగారు దాన్నే పేని కోడలి మెడకి బిగించింది. అయినా తనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆ పిల్లే నోరు విప్పట్లేదు. ఆవిడ లెన్సు మార్చింది. ముఖం చెదిరిపోయింది, నోరు మాత్రం మిగిలి కంటినిండా పరుచుకుంది, సిర గోడ, దాని కండరాల పోగుల మధ్య, అదిగో, చీముకణాలు. ఒకటి రెండు కాదు, సినిమా వదిలాక సందులోంచి బయటపడే జనంలా వరసలు వరసలుగా, పొట్టలో మూడేసి నీలం చుక్కలతో, అన్నీ ఒకే వైపుకి, లోపలి రక్తం నుంచి బయటి ఉమ్మనీటి వైపుకి. వీటిని చూసి చిన్న డాక్టర్లు సైన్యం యుద్ధం అంటూ కవిత్వాలు పోతారు, యుద్ధమూ లేదు గిద్దమూ లేదు, క్రిమి వాసన తగిలితే అవి అటు నడుస్తాయి, అంతే, వాటికి తల్లీ తెలియదు బిడ్డా తెలియదు.

కానీ ఎవరివి అన్నది తెలుసు. అదొక్కటి ఆవిడకి తెలిసినట్టు ఈ ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. మాయ మీది పొరల్లో చీముకణాలు కనపడితే అవి తల్లివి, తల్లి రక్తంలోంచి వచ్చినవి, తాడులో కనపడితే బిడ్డవి. తాడులోకి తల్లిది ఒక్క కణం కూడా రాదు. లోకమంతా బొడ్డుతాడంటే తల్లీ బిడ్డల బంధం అనీ పేగుబంధం అనీ కళ్ళు తుడుచుకుంటుంది, తుడుచుకోనీ, తాడులో ఉన్నదంతా బిడ్డదే, నాళాలు బిడ్డవి, రక్తం బిడ్డది, జిగురు బిడ్డది, వాపు వస్తే ఆ వాపూ బిడ్డదే. చచ్చినదానికి వాపు రాదు. శవానికి చీము పట్టదు. గుండె కొట్టుకుంటేనే కణాలు గోడ దాకా వస్తాయి, కొట్టుకుంటూ ఉంటేనే గోడ దాటుతాయి, ముందు సిర దాటుతాయి, అక్కడ ఆగకపోతే తర్వాత ధమనులు, అప్పటికీ ఆగకపోతే జిగురులోకి దిగుతాయి. ఆవిడ స్లయిడుని వేలి కొసతో జరిపింది. మొదటి కన్ను, నిండా కణాలు. రెండో కన్ను, అంతే. జిగురులోకి వెళ్ళింది. అక్కడ వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి, కప్పు అడుగున ఎండిపోయిన కాఫీ మరకల్లా, ముందు వచ్చిన కణాలు చచ్చి పొడి అయిపోతే వాటి వెనక ఇంకో వరస వచ్చి అదీ చచ్చి, దాని వెనక ఇంకొకటి. ఒక్క పూటలో అయ్యే పని కాదు ఇది. రెండు రోజులు, ఇంకా పైనే. క్షణంలో అయిపోయిందట. క్షణమట, దాని మొహం.

ఆ రెండు మూడు రోజుల్లోనే కోడలు పైన వార్డుకి వెళ్ళింది, ఒకసారి కాదు రెండుసార్లు. ఇందాక ఫోనులో చెల్లెలే ఒప్పుకుంది, ఒప్పుకున్నట్టు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది, తడిగా ఉంటోందండీ అని వచ్చిందక్కా, చూశాను, మామూలు తడే అనిపించింది, ఎనిమిదో నెలలో అందరికీ ఉండేదేగా, బయట కారిడార్ నిండా కూర్చున్నారు జనం. బుగ్గ మీద తట్టి పంపించి ఉంటుంది. దాని హస్తవాసి మంచిదంటారు, దాని చెయ్యి పడితే చాలు సుఖంగా పురుడొస్తుందంటారు, ఆ బంగారు చేత్తో ఒక గాజుపలక తీసి, దాని మీద ఆ తడి ఒక్క చుక్క ఆరబెట్టి చూస్తే తెలిసిపోయేది, ఉమ్మనీరైతే ఎండాక ఆకు ఈనెల్లా గీతలు గీతలుగా అంటుకుంటుంది, కాకపోతే అంటుకోదు, టీ చల్లారే లోపు అయ్యే పని. గాజుపలకలంటే దానికి చిన్నప్పట్నుంచీ చిరాకు. అవి అక్క సామాను. కాలేజీ రికార్డు పుస్తకంలో బొమ్మలన్నీ అక్కే వేసిపెట్టింది దానికి, రెండు రంగుల పెన్సిళ్ళు అరిగి అంగుళం మిగిలేలా ఒక్కొక్క కణం దిద్ది ఇస్తే, అది పైన తన పేరు రాసుకుని ఇచ్చేసి, వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకునేది, ఆ ముద్దుకి కూడా ఒక జిగురు ఉండేది, ఎంత తుడుచుకున్నా పోయేది కాదు, తుడుచుకోవాలనీ అనిపించేది కాదు.

అమ్మ పుండు కూడా ఈ బల్ల మీదే చూసింది. కడుపులోంచి తీసిన బియ్యపుగింజంత ముక్క, ఇదే మైక్రోస్కోపు కాదు, దీనికి ముందుది, ఎడమ కంటి గాజు మీద గీత ఉండేది. చూసి, లేచి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, అమ్మా, ఇది పోయేది కాదు, వచ్చే వానలు నువ్వు చూడవు, ఎవరికేం చెప్పుకోవాలో ఇప్పుడే చెప్పుకో అంది. అమ్మకి నిజం తెలిసే హక్కు ఉందనుకుంది, ఇప్పటికీ అనుకుంటుంది. ఆ సాయంత్రమే చెల్లెలు వచ్చి ఒళ్ళో తల పెట్టించుకుని, అక్క మొహం, దానికన్నీ భూతద్దంలోనే కనపడతాయి, ఉత్త పుండమ్మా, మందుకి మానిపోతుంది అంది. అమ్మ ఆ పుండునే నమ్మింది, పుండుగానే దాన్ని మోసింది, చెల్లెలు కలిపి పెడితేనే ముద్ద మింగింది, అక్క గిన్నె పట్టుకుని వెళ్తే గోడ వైపుకి తిరిగేది. పోయే ముందు ఒక్కసారి మాత్రం ఇటు తిరిగి, చిన్నది బెదురుగొడ్డు, దాన్ని చూసుకో, ఒక పేగు పంచుకు పుట్టినవాళ్ళు మీరు అంది. వానలు అప్పటికి ఇంకా రాలేదు. ఈవిడ చెప్పింది చెప్పినట్టు జరిగింది, అందుకు ఎవరూ మెచ్చుకోలేదు, పైగా చావు ఇంట్లో పిన్ని వరసైన ఒకావిడ, నీ నోటి చలవేనే తల్లీ అని మొహం మీదే అంది.

ఇప్పుడు ఈ వలయాలు చూస్తుంటే ఆవిడకి సంతోషం వేసింది. దాచుకోవడానికేముంది, గదిలో ఎవరున్నారు కనక. గొంతులోంచి కిందికి దిగే సంతోషం, ఎండలో వచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టు. దొరికింది. ఇన్నేళ్ళకి గులాబీ నీలం రంగుల్లో, గాజు మీద, ఎవరూ ముద్దు పెట్టి తుడిచేయలేని చోట దొరికింది చిన్నది. సిగ్గు కూడా వేసింది, ఒక చచ్చిన పిల్ల తాడు మీద కూర్చుని ఇదేం సంబరం అని, వేసింది గానీ సంతోషం తర్వాతే వేసింది, ఆ వరస మార్చి చెప్పడం ఆవిడకి చేతకాదు. ఫోను మళ్ళీ మోగింది. ఒకటికి రెండుసార్లు మోగనిచ్చి తీసింది.

"చూశావా అక్కా?"

"చూశాను."

"ఏముంది?"

"వాపు. మూడు నాళాలూ దాటి జిగురులోకి దిగింది. పాతది."

అటు నుంచి ఎవరో బాలింత మూలుగూ, ట్రాలీ చక్రాల చప్పుడూ వినపడ్డాయి, తర్వాత ముక్కు ఎగపీల్చిన చప్పుడు, ఏడుస్తోంది, ఏడుపులో కూడా దాని గొంతు బాగానే ఉంటుంది. తనకోసం కాదట, ఆ పిల్ల కోసమట. బిడ్డ క్షణంలో పోయిందని చెప్తే తప్ప ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చోలేదు, ఆ మాట పట్టుకునే రెండు ముద్దలు తిన్నది, ఆ మాట కూడా దాన్నుంచి లాక్కుంటావా, ఏం సుఖం నీకు. నీ మెలిక పట్టుకుని కింద దాని అత్తగారు ఏం చేస్తోందో తెలుసా అని ఈవిడ చెప్పింది, అన్నీ చెప్పింది, బస్సు సంగతితో సహా. చెల్లెలు విన్నది. విని, అయ్యో పాపం అంది, అని ఊపిరి తిప్పుకుని, ఆవిడతో నేను మాట్లాడతానులే, సర్దిచెప్తాను, నువ్వు మాత్రం మెలికలు ముందు రాయక్కా అంది. సర్దిచెప్తుంది, చెప్పగలదు కూడా, ఆ మేకుల కాళ్ళ ముసలమ్మని కూడా బుగ్గ తట్టి పంపేయగలదు. ఈవిడకి ఒక్క నిమిషం ఆశ కూడా కలిగింది, పోనీ సర్దుకుపోతుందేమో అని. అప్పుడు అది ఆ మాట అంది.

"ఒక పేగు పంచుకు పుట్టాం కదే."

"పేగు ఎవరూ పంచుకోరు. నీది నీకు, నాది నాకు. మనకి ఉమ్మడిది కడుపొక్కటే, ఆ కడుపు మనిషీ పోయింది."

ఫోను పెట్టేసింది. కాగితం ముందుకి లాక్కుంది. ఈ బల్ల మీద రాతకి ఒక వరస ఉంది, ఈవిడే పెట్టిన వరస, కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకీ తిట్టి మరీ నేర్పిన వరస, ముందు కంటికి కనపడేవి, పొడవు, రంగు, నాళాలు ఎన్ని, మెలికలు ఎన్ని, ఆ తర్వాతే అద్దంలో కనపడేవి. అంటే చెల్లెలు కొత్తగా అడిగిందేమీ లేదు, ఎప్పుడూ రాసేలాగే రాయమంది, అదీ దాని తెలివి. అలవాటు ప్రకారం రాసేసి సంతకం పెడితే ఏ తప్పూ లేదు, మొదటి లైన్లో మెలిక, ఆరో లైన్లో వాపు, బయట ఆ ముసలమ్మ మొదటి లైను చదివించుకుని లేస్తుంది. ఆవిడ మొదటి లైన్లో బొడ్డుతాడు వాపు అని రాసింది. దాని పక్కనే, తీవ్రమైనది, బిడ్డ ప్రాణంతో ఉండగా మొదలై కనీసం రెండు రోజులు సాగినది అని రాసింది. పొడవూ రంగూ నాళాలూ కిందికి తోసింది. అన్నిటికంటే అడుగున, మెలికలు మామూలుగా ఉండవలసినన్నే ఉన్నవి అని రాసింది. టెక్నీషియన్ టైపు కొట్టడానికి తీసుకుని, వరస తప్పిందండీ, మార్చమంటారా అన్నాడు. తప్పనీ అంది. ఆవిడ మొహం చూసి ఆయన ఇంకేం అడగలేదు, తప్పు కనపడితే అరిచే మనిషి తప్పనీ అనడం ఆయన ఎప్పుడూ వినలేదు.

కాగితం తీసుకుని ఆవిడే సగం తలుపు తోసుకుని బయటికి వచ్చింది, మామూలుగా రాదు, కిటికీలోంచి ఇచ్చేస్తారు. మూడు జతల కాళ్ళకి పైన మనుషులున్నారు. అత్తగారు ఈవిడ ఊహించినంత ముసలిది కాదు, ఈవిడ ఈడే, నుదుటి మీద చెమట. కొడుకు లేచి నిలబడ్డాడు. కోడలు లేవబోయి బెంచీ అంచు పట్టుకుని ఆగిపోయింది, జాకెట్టు ముందు రెండు తడి మరకలు, పాలు, వాటికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మెలికేనా అండీ అని అత్తగారు అడిగింది. కాదు, మెలిక కాదు, చేతులెత్తితే తాడు మెలిపడదు, కాళ్ళెత్తినా మెలిపడదు, తాడుకి చీము పట్టింది, ఉమ్మనీరు ముందే కారిపోయి ఇన్‌ఫెక్షన్ లోపలికి ఎక్కింది అని ఈవిడ ఎత్తుకున్న గొంతు దించకుండా చెప్పింది. కొడుకు కాగితం అందుకుని మొదటి లైను చదివాడు, రెండోది కూడా చదివాడు. అత్తగారు మాత్రం కళ్ళు ఈవిడ మీద నుంచి తీయలేదు. ఆ కళ్ళ వెనక ఏదో కదిలి, తిరిగి, సర్దుకుంది.

"ఇన్‌ఫెక్షన్ అంటే, దీని ఒంట్లోంచే కదండీ బిడ్డకి ఎక్కింది?"

ఔను. ఔను అన్న మాట నాలుక చివర దాకా వచ్చేసింది, అది సరైన జవాబు, తల్లి దారిలోంచే ఎక్కుతుంది, పుస్తకాల్లో అలాగే ఉంది, ఈ ప్రశ్న పైన ఒక్క డాక్టరుకీ తోచదు, ఈ అత్తగారికి తోచింది, దుర్మార్గానికి ఎంత తెలివి ఉంటుందో. జన్మంతా సరైన జవాబే చెప్పిన మనిషి మొదటిసారి దాన్ని మింగింది. మింగితే దాని చోటు ఖాళీగా ఉంటుందా, ఇంకో నిజం పెట్టాలి అక్కడ, దీనికంటే పెద్దది, కాగితంలో లేనిది, పాథాలజీ వాళ్ళు రాయకూడనిదీ అనకూడనిదీ. అమ్మ మొహం కనపడింది, గోడ వైపుకి తిరిగి ఉన్నది.

"నీళ్ళు పోతున్నాయని మీ కోడలు రెండుసార్లు వచ్చి చెప్పింది. పరీక్ష చేయకుండా ఏం లేదు పొమ్మంది పైన డాక్టరు. ఆ డాక్టరు నా తోడబుట్టింది. అప్పుడే మందు పడి ఉంటే బిడ్డ దక్కేదేమో. తప్పు అక్కడుంది, మీ కోడలి ఒంట్లో కాదు."

అయిపోయింది. కారిడార్లో నడిచేవాళ్ళు ఇద్దరు ఆగి మళ్ళీ నడిచారు, సాయంత్రానికి ఈ మాట పై అంతస్తు చేరుతుంది, రేపటికి ఊరు చేరుతుంది, ఇక దాన్ని ఏ గొంతూ సర్దిచెప్పలేదు. కొడుకు తల్లి వైపు తిరిగి, విన్నావా అన్నాడు, మొదటిసారి అతని గొంతులో బలం వచ్చింది, ఇక బస్సు మాట ఎత్తావంటే చూడు అన్నాడు. అత్తగారు బెంచీ మీద కూలబడింది. గెలిచింది. ఈవిడ గెలిచింది, ఆ పిల్లనీ గెలిపించింది, ఒకే మాటతో చెల్లెల్ని దించి కోడల్ని ఎత్తింది, ఒళ్ళంతా వేడిగా తేలిగ్గా ఉంది, ఇక లోపలికి వెళ్ళిపోవడమే. అప్పుడు కోడలు మాట్లాడింది, ఇంతసేపటికి, గొంతు బొంగురుపోయి ఉంది.

"అయితే క్షణంలో పోలేదాండీ?"

లోపలికి వెళ్ళిపోవచ్చు. వినపడనట్టు తలుపు తోసుకుని వెళ్ళిపోవచ్చు, లేదూ, అంత కచ్చితంగా చెప్పలేమమ్మా అనవచ్చు, అలా అనే డాక్టర్లే లోకం నిండా ఉన్నారు. లేదు అంది ఈవిడ. రెండు రోజులు, ఇంకా పైనే అంది. అడిగింది కాబట్టి చెప్పింది, అంతకంటే ఏమీ లేదు. ఆ పిల్ల ఏడవలేదు. వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్క వేసుకుంది, పెదవులు కదులుతున్నాయి, ఒక చోట ఆగింది.

"ఆ రెండు రోజులే తెగ తన్నిందండీ. ఎప్పుడూ లేనంత. మంచి హుషారుగా ఉందనుకున్నాం. అత్తయ్యగారి చెయ్యి లాగి నేనే పొట్ట మీద పెట్టాను. ఇద్దరం నవ్వుకున్నాం."

తన్నడానికీ దానికీ సంబంధం లేదు. ఉండవచ్చు కూడా. పుస్తకాల్లో అలాగని లేదు, ఇలాగని లేదు. సంబంధం లేదమ్మా, అది ఆటే అని ఒక్క మాట, సగం నిజమే అవుతుంది, చెల్లెలైతే ఈపాటికి మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల చేతులు పట్టుకుని చెప్పేసి ఉండేది. ఈవిడ సగం తలుపు అంచు పట్టుకుని నిలబడే ఉంది. కారిడార్ చివర లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, ఎవరో దిగారు. అత్తగారు కుడిచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని దాన్నే చూస్తోంది. కోడలు మాత్రం ఈవిడ మొహంలోకే చూస్తోంది, ఏదో ఒకటి చెబుతుందని.